నూరు దాటిన ముల్లు

మిర్యాలగూడ రైసు మిల్లు వెంకటనారాయణ మనుషులను నమ్మడానికి చాలా టైము తీసుకునేవాడు. ఒక్క ముల్లును మాత్రం చూసిన మొదటి రోజే నమ్మాడు. అది ఆయన కారులో, స్టీరింగు పక్కన, గుండ్రటి అద్దం వెనక ఉండేది. ఇంజనులోని నీళ్లు ఎంత వేడెక్కాయో చెప్పడం దాని పని.

కారు ముప్పై ఏళ్ల నాటి ఇంగ్లీషు కారు. హైదరాబాదులో ఒక నవాబుగారి షెడ్డులో దాని సీట్ల మీద కోళ్లు గుడ్లు పెడుతుంటే చూసి, జాలిపడి కొన్నానని ఆయన చెప్పేవాడు. డ్రైవరును పెట్టుకోలేదు. డ్రైవరు రోడ్డు వైపు చూస్తాడు తప్ప ముల్లు వైపు చూడడని ఆయన భయం.

కారు కొన్న ఆరేళ్లలో ఆయన భార్య ఆండాళు ఆ ముల్లును సరిగ్గా చూసిందే లేదు. ఆమె చోటు వెనక సీటు. ముందు సీట్లో ఆయన పక్కన రెండు నీళ్ల డబ్బాలు, ఒక గరాటు, మడత పెట్టిన గోనెసంచి కూర్చునేవి. ముల్లు ఎక్కడున్నదీ ఆండాళు భర్త మెడను బట్టి చెప్పగలిగేది. ఊరు దాటేటప్పుడు మెడ మామూలుగా ఉండేది. నాలుగు మైళ్లకు కొంచెం ముందుకు సాగేది. ఎనిమిదో మైలుకు నరాలు తేలి, చెవుల వెనక చెమట పట్టేది. ఆ తర్వాత కారు ఏదో ఒక చెట్టు కిందికి జరిగి ఆగేది. ఆయన దిగి, బానెట్ ఎత్తి, చేతులు వెనక్కి కట్టుకుని, జబ్బుపడ్డ బిడ్డ పక్కన నిలబడ్డట్టు నిలబడేవాడు. ముల్లు దిగిరావడానికి ముప్పావు గంట పట్టేది. అది కూడా పూర్తిగా దిగేది కాదు. పొద్దున షెడ్డులో చల్లగా ఉన్నప్పుడే సగం దాకా లేచి ఉండేది. అది మిర్యాలగూడ ఎండ ప్రభావమని ఆయన తీర్మానించుకున్నాడు.

సూర్యాపేటలో ధాన్యం దుకాణం ఉన్న నర్సింగరావు ఆండాళుకు తమ్ముడు. అక్క మొగుణ్ని ఆటపట్టించడం తన జన్మహక్కు అనుకునే రకం. బావ కారు నడవడం లేదని, ఆగుతున్నదని, నడుమ నడుమ జర నడుస్తుందని అందరికీ చెప్పేవాడు. వెంకటనారాయణ ఆ మాటకు నవ్వేవాడు కానీ, నవ్వుతూనే వెళ్లి రేడియేటర్ మూత సరిగ్గా బిగిసి ఉన్నదో లేదో చూసుకునేవాడు.

సాగర్ ఎడమ కాలువ నీళ్లు పొలాలకు వచ్చిన రెండో ఏడు, వైశాఖంలో, నర్సింగరావు కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశం పెట్టుకున్నాడు. ముహూర్తం పొద్దున ఎనిమిదీ నలభైకి. కొత్త గడప ముందు ఆడబిడ్డ హారతి పట్టి, తమ్ముణ్నీ మరదలినీ లోపలికి పిలవాలి. ఆండాళు ఆ హారతి కోసం నెల ముందు నుంచి వెండి పళ్లెం తోమి పెట్టుకుంది. దారిలో ఆగవలసిన నాలుగు చోట్లనూ లెక్కలోకి తీసుకుని వాళ్లు తెల్లవారుజామున నాలుగింటికే బయలుదేరారు. కానీ ఆ రోజు ముల్లుకు కూడా పండుగ ఉత్సాహం వచ్చినట్టుంది. నాలుగు సార్లకు బదులు ఆరు సార్లు లేచింది. వాళ్లు సూర్యాపేట చేరేసరికి పదిన్నర. హారతి పక్కింటావిడ పట్టేసింది. పంతులు ఇంకో ఇంటికి వెళ్లిపోయాడు.

ఆండాళు వెండి పళ్లేన్ని మళ్లీ గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. మరదలు గిరిజ వచ్చి, పోనీలెండి వదినా అని చేయి పట్టుకుంటే నవ్వింది. కానీ భోజనాల దగ్గర భర్తకు ఎదురు పడలేదు, ఆయన అడిగినదానికి వేరేవాళ్ల ద్వారా జవాబు చెప్పించింది. నాలుగు మాటలు తిడితే బాగుండునని వెంకటనారాయణకు అనిపించింది. పెరుగన్నం సగంలో వదిలేశాడు.

మధ్యాహ్నం దాటాక ఆమె అరుగు మీదకు వచ్చి, తమ్ముడికి చెబుతున్నట్టుగా, భర్తకు వినపడేట్టుగా అంది.

"ఆ దేవదాసును పిలిపియ్యి. ఆయన సూసి బాగ చేస్తె సరే, లేకుంటె నేను బస్సుల పోత."

దేవదాసు కోదాడ రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకున్న మెకానిక్. యుద్ధం రోజుల్లో మిలిటరీ బండ్ల దగ్గర పని నేర్చుకున్నాడు. తక్కువ మాట్లాడతాడు, ఎక్కువ వింటాడు. ఆదివారం చర్చిలో పాట నడుస్తుంటే బయట రోడ్డు మీద పోతున్న లారీకి ఏం జబ్బో చెప్పగలడని ఊళ్లో పేరు. ఆయన వచ్చి, ఇంజను స్టార్ట్ చేయించి, బీడీ కాలినంత సేపు పక్కన గొంతుక్కూర్చుని విన్నాడు. ముల్లు ఎర్ర గీత దగ్గరకు వచ్చిందని వెంకటనారాయణ కంగారుగా చెబితే, రేడియేటర్ మీద అరచేయి పెట్టి, అలాగే ఉంచి, తీశాడు.

"సేటూ, ఇంజను మంచిగున్నది. మీ మీటరుకే జ్వరమొచ్చింది."

వెంకటనారాయణ ఒప్పుకోలేదు. ఆ మీటరు ఇంగ్లండులో తయారైందని, ముప్పై ఏళ్లుగా పని చేస్తున్నదని, ఒక చేత్తో తాకి చెప్పిన మాటను దాని మాట మీద పెట్టడం న్యాయం కాదని వాదించాడు. దేవదాసు వాదించలేదు. ఇంకో బీడీ తీశాడు. అరుగు మీద నుంచి ఆండాళే మాట్లాడింది.

"దాన్ని తీసుకచ్చి నీళ్లల్ల పెట్టున్రి. నీళ్లు ఎంత కాగినయో నాకు తెలుస్తది."

దేవదాసు ఆమె వైపు తిరిగి, ఇంత తెలివైన మాట ఈ రోజు ఇదే వింటున్నానన్నట్టు తల ఊపాడు.

మీటరును తీయడం అనుకున్నంత సులువు కాలేదు. అద్దం వెనక నుంచి దారమంత సన్నటి రాగి గొట్టం ఒకటి బయలుదేరి, ఇంజనుకూ సీటుకూ మధ్య ఉన్న రేకులోంచి దూరి, ఇంజను తల మీదికి పోతుంది. దాని కొసన చిటికెన వేలంత ఇత్తడి బుడ్డి నీళ్లలో మునిగి ఉంటుంది. బుడ్డి వేడెక్కితే లోపలి ఆవిరి గొట్టం గుండా వెళ్లి ముల్లును తోస్తుంది. గొట్టం ఎక్కడ విరిగినా అంతా ఖతం. అందుకని మొత్తం ఒక్క ముక్కగానే తీయాలి. దేవదాసు గుండ్రటి అద్దం పట్టుకుని ముందు నడిచాడు. వెంకటనారాయణ రెండు చేతుల్లో బుడ్డిని పట్టుకుని, మధ్యలో గొట్టం సాగకుండా, ముడుచుకోకుండా, వెనకాల అడుగులో అడుగు వేశాడు. నర్సింగరావు దారిలో ఉన్న చుట్టాలను పక్కకు జరుపుతూ, పెళ్లికొడుకు వస్తున్నాడని చెప్పాడు.

పెరట్లో వంటలు చేసిన పొయ్యి ఇంకా ఆరలేదు. ఆండాళు గిన్నె నిండా నీళ్లు పెట్టి, కొంగు నడుముకు చుట్టి, పొయ్యి ముందు కూర్చుంది. బుడ్డిని నీళ్లలో వేలాడదీశారు. నీళ్లు చల్లగా ఉన్నప్పుడే ముల్లు సగంలో ఉంది. అది మిర్యాలగూడ ఎండ కాదని, సూర్యాపేటలో తమ ఇంటి బావి నీళ్లని నర్సింగరావు గుర్తు చేశాడు. మంట పెరిగింది. గిన్నె అడుగున ఆవగింజలంత బుడగలు పట్టాయి. ముల్లు ఎర్ర గీత మీదకు చేరి, అక్కడ ఆగక ఇంకొంచెం పైకి పోయింది. రెండు వందల పన్నెండు. పాత ఫారన్‌హీటు లెక్కలో నీళ్లు మరిగే అంకె.

ఆండాళు గిన్నెలోకి వంగి చూసింది. చెవి దగ్గరగా పెట్టి విన్నది.

"ఇది ఎసరే కాలేదు," అంది. "దీంట్ల బియ్యం పోస్తె నానుతయి గని ఉడకయి."

వెంకటనారాయణ ముల్లును చూశాడు, నీళ్లను చూశాడు, మళ్లీ ముల్లును చూశాడు. ఆరేళ్లు. ఎన్ని చెట్లు, ఎన్ని ముప్పావు గంటలు, ఎన్ని పెళ్లిళ్లలో తలంబ్రాలు అయిపోయాక వెళ్లి కూర్చున్నాడు. ఒక ఇంజను ఆరేళ్ల పాటు ఏ జబ్బూ లేకుండా చెట్ల కింద విశ్రాంతి తీసుకుందన్నమాట. నర్సింగరావు కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత ఏదో పని ఉన్నట్టు ఇంటి వెనకకు వెళ్లాడు. గోడ అవతల నుంచి ఆయన నవ్వు చాలాసేపు వినిపించింది.

ఆ సాయంత్రం మీటరు లేకుండానే తిరుగు ప్రయాణమయ్యారు. అద్దం ఉన్న చోట గుండ్రటి కంత మిగిలింది. ఇంజను తల మీది కంతకు దేవదాసు బిరడా బిగించాడు. చూడటానికి ముల్లు లేదు కాబట్టి, ఎందుకైనా మంచిదని, వెంకటనారాయణ పాత నాలుగు చోట్లా ఆపాడు.

అంత పాత కారుకు సామాను దొరకడం మానేసి చాలా ఏళ్లయింది. దేవదాసు నెల రోజులు తిరిగి, చివరికి హాలియాలో ఒక పాత ఇనుము వ్యాపారి దగ్గర, సాగర్ పనుల్లో అరిగిపోయిన ఏదో యంత్రానికి ఉన్న మీటరును పట్టుకున్నాడు. దాన్ని తన షెడ్డులో మరిగే నీళ్లలో పరీక్ష చేసుకుని, తువ్వాలలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని మిర్యాలగూడ తెచ్చాడు. దాని బుడ్డి మీది మరచుట్లు ఇంజను కంతకు సరిపడలేదు. ఇత్తడి తొడుగు ఒకటి లేతు మిషను మీద తయారు చేయించి తెచ్చి వేశాడు. గొట్టం పొడవు ఎక్కువైతే కోయకుండా, అద్దం వెనక కంకణంలా చుట్టి కట్టాడు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. పని అయ్యాక ఆయన చేతులు తుడుచుకుంటూ చెప్పిన మాట ఇది.

"సేటూ, ఇది కొత్త లెక్కది. నూరు కాడ నీళ్లు మసులుతయి. ఎనభై మీదుంటె ఖుషీగ తోలున్రి. తొంభై అయిదు దాటితె ఆపున్రి."

ఇక్కడ వెంకటనారాయణ గురించి ఒక మాట చెప్పాలి. సేర్లు పోయి కిలోలు వచ్చినప్పుడు, మైళ్ల రాళ్లు పీకి కిలోమీటర్ల రాళ్లు పాతినప్పుడు, ఆయన ఎవరితోనూ తగువు పడలేదు. కొత్త లెక్క ఎవరు చెప్పినా తెలుసు తెలుసు అనేవాడు. లోపల మాత్రం పాత లెక్కనే ఉంచుకునేవాడు. ఆ రోజు కూడా తెలుసు తెలుసు అన్నాడు. అనేటప్పుడు ఆయన కళ్లు అద్దం మీద ఉన్నాయి. కొత్త ముల్లు అడుగున, చాలా అడుగున, పాలు తాగి పడుకున్న పసిబిడ్డలా ఉంది. దేవదాసు మాటలు పూర్తిగా విన్నది మజ్జిగ చెంబుతో గుమ్మంలో నిలబడ్డ ఆండాళు ఒక్కతే.

తర్వాతి రెండు నెలలూ వెంకటనారాయణ వేరే మనిషి. ఎంత దూరం పోయినా ముల్లు ఎనభై. ఎండలో ఎనభై, బండరాళ్ల దారిలో ఎనభై. రెండు వందల పన్నెండు దగ్గర ఉరితాడు చూసినవాడికి ఎనభై అంటే పట్టుపరుపు. మెడ వెనక్కి వాలింది. ఒకటి రెండుసార్లు కూనిరాగం కూడా వినిపించింది. నీళ్ల డబ్బాలు మాత్రం ముందు సీటు ఖాళీ చేయలేదు. అవి అలవాటైన చుట్టాలు.

శ్రావణంలో గిరిజ ఉత్తరం రాసింది. కొత్త ఇంట్లో మొదటి వరలక్ష్మీ వ్రతమని, సాయంత్రం పేరంటంలో మొదటి వాయనం వదినకేనని, వదిన వచ్చేదాకా ఎవరికీ ఇవ్వనని. ఆండాళు ఆ ఉత్తరాన్ని భర్తకు చదివి వినిపించలేదు, ఆయన ముందు పెట్టి వెళ్లింది. ఆయన చదివి, శుక్రవారం మధ్యాహ్నానికే చేరుస్తానని మాట ఇచ్చాడు. అంతటితో ఆగితే బాగుండేది. కోదాడ మీదుగా పోదామన్నాడు. అది చుట్టుదారి. కానీ కోదాడలో నాగేశ్వర్ రావు అనే మిల్లు స్నేహితుడు ఉన్నాడు, ఆయన కూడా ఆరేళ్లు ఈ కారు మీద జోకులు వేసినవాడే.

పొద్దున్నే బయలుదేరి, గరిడేపల్లిలో ఆగకుండా, ఎక్కడా ఆగకుండా కోదాడ చేరారు. నాగేశ్వర్ రావు బానెట్ ఎత్తించి చూసి, బండి భలే చల్లగా ఉందండీ అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు కోసం పదకొండింటి దాకా ఉన్నారు, ఆ మెప్పు మీదే భోజనం చేశారు. పన్నెండు దాటాక సూర్యాపేట రోడ్డెక్కారు.

కోదాడ దాటి కొంత దూరం పోయాక ఇంజనులో టప్పున ఏదో తెగినట్టు చప్పుడైంది. రాయి ఎగిరి తగిలిందన్నాడు వెంకటనారాయణ. ఆండాళు వినడం మొదలుపెట్టింది. ఇరవై నాలుగేళ్లు పొయ్యి ముందు కూర్చున్న చెవి అది. ముందు ఒక సన్నటి జలజల వినిపించింది, అన్నం గిన్నె మీద మూత కదలడానికి ముందు వచ్చేటటువంటిది. తర్వాత అది గుడగుడ అయింది. కాళ్ల కింద రేకు వెచ్చబడింది.

"జర ఆపున్రి," అంది. "లోపల ఏమో మసులుతున్నది."

ఆయన నవ్వాడు. ఇన్నాళ్లూ ఆపితే కోపం, ఇప్పుడు ఆపకపోతే భయమా అన్నాడు. ముల్లు ఎంత మీద ఉన్నదని ఆమె అడిగింది.

"నూటయిదు. పాతది షెడ్డుల పండుకున్నప్పుడే గంతకంటె ఎక్కువ సూపెట్టేది."

"దేవదాసు నూరు కాడ మసులుతయని చెప్పిండు గద."

"అది మరిగినప్పటి సంగతి," అన్నాడు వెంకటనారాయణ. ఆ మాటకు అర్థం ఏమిటో ఆయనకే తెలియదు. కానీ గట్టిగా అన్నాడు.

మునగాల ఇంకా రెండు మైళ్లు ఉందనగా రేడియేటర్ మూత దగ్గర తెల్లటి తీగలాంటిది లేచింది. చూస్తుండగానే అది తీగ కాదు, పెద్ద తెల్లటి తలపాగా అయింది. ముందు రోడ్డు కనపడకుండా పోయింది. ఆయన బ్రేకు తొక్కి, కారును పక్కకు తెచ్చి, ఇంజను ఆపాడు. ఇంజను ఆగింది కానీ చప్పుడు ఆగలేదు. లోపల పెళ్లివంట జరుగుతున్నట్టు కుతకుతమంటూనే ఉంది.

రోడ్డు పక్క పొలంలో నాట్లు వేస్తున్న ఆడవాళ్లు నడుములు ఎత్తి చూశారు. వాళ్లలో పెద్దది జానమ్మ. మోకాళ్ల దాకా బురదతో గట్టెక్కి వచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగింది.

"సావుకారీ, లోపల ఏం వండుతున్నరు?" అని అడిగింది.

వెంకటనారాయణ నీళ్ల డబ్బా తెచ్చి మూత తీయబోయాడు. ఆండాళు కారులోంచి దిగి, ఆయన చేయి పట్టుకుంది. నలుగురిలో ఆమె ఆయన చేయి పట్టుకోవడం అదే మొదటిసారి కావచ్చు.

"ఇప్పుడు మూత తీస్తె మొఖం కాలుతది. సల్ల నీళ్లు పోస్తె లోపల పగులుతది. కాలిన కుండల సల్ల నీళ్లు పోస్తరా ఎవరన్న? ఆరనియ్యున్రి."

ఆరేళ్లు అవసరం లేకుండా ఇంజనును చల్లారబెట్టిన మనిషి, అవసరమైన రోజు చల్లారబెట్టడం మరిచిపోయి, భార్య చెబితే తుమ్మచెట్టు కిందకు పోయి కూర్చున్నాడు. జానమ్మ కాలువ నుంచి కుండ నిండా నీళ్లు తెచ్చి, కావలసినప్పుడు పోసుకోండని పెట్టి, తన వరుసలోకి వెళ్లింది. పొలంలోంచి నవ్వులు వినిపించాయి. చెడ్డ నవ్వులు కావు.

ఆండాళుకు కోపం ఉంది. మొదటి వాయనం కళ్ల ముందు కనపడుతోంది. ఏదైనా గట్టి మాట అనాలని భర్త వైపు తిరిగింది. ఆయన కారు వైపు చూడటం లేదు, నేల వైపు చూస్తున్నాడు. ఆమె అనబోయిన మాట అనకుండా పక్కన కూర్చుంది.

చాలాసేపటికి ఆయనే మొదలుపెట్టాడు. పందొమ్మిదేళ్ల వయసులో తండ్రి ఆయనను మిల్లు ఇంజను దగ్గర కూర్చోబెట్టాడట. నీళ్ల గొట్టంలో చెత్త అడ్డం పడి ఇంజను వేడెక్కింది. వాసన వచ్చింది, తెలిసింది. ఈ వడ్లు అయ్యాక ఆపుదామని ఊరుకున్నాడు. ఇంజను పట్టేసి బిగుసుకుపోయింది. పంట చేతికొచ్చే రోజుల్లో నాలుగు నెలలు మిల్లు మూతపడింది.

"మా నాయిన ఒక్క మాటనలే," అన్నాడు. "తెల్లారి నుంచి ఇంజను పక్కకు కుర్చీ ఏసుకొని ఆయనే కూసున్నడు. పోయేదాక ఆయనే కూసున్నడు. నన్ను మల్ల సూడమని అడగలే."

మామగారి ఆ కుర్చీ ఆండాళుకు తెలుసు. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆయన అందులో కూర్చుని ఉంటే మజ్జిగ తీసుకెళ్లి ఇచ్చేది. ముసలాయనకు ఇంజనంటే ఇష్టమేమో అనుకుంది. ఇరవై నాలుగేళ్లలో భర్త ఈ సంగతి చెప్పలేదు.

"ఈ రెండు నెలలు ఎంత హాయిగ ఉండెనో నీకెట్ల చెప్పాలె," అన్నాడాయన. "ముల్లును సూస్తె గుండె దడ లేకుండె. నువ్వు ఆపుమంటె వినబుద్ధి కాలే. వింటె మల్ల ఆ దడ వస్తదని."

ఆమె కొంగుతో ఆయన చెవుల వెనక చెమట తుడిచింది. పొలం వైపు చూస్తూ అంది.

"మీరు తోలున్రి. ముల్లును నేను సూస్త. మీ భయమేందో నాకియ్యున్రి, నాకు భయపడే పని ఇంట్ల ఎట్లనూ తక్కువనే ఉన్నది."

ఆయనకు నవ్వు వచ్చింది. నవ్వకూడదనుకుని, మళ్లీ నవ్వాడు.

గంట గడిచాక గుడ్డ అడ్డం పెట్టి మూత తీశారు. జానమ్మ నీళ్లు కొంచెం కొంచెంగా పోశారు. లోపల ఏదీ పగల్లేదు. తెగింది ఫ్యాను తిప్పే బెల్టు. దాని ముక్క అడుగు రేకులో పడి ఉంది. బెల్టు లేకుండా ఫ్యాను తిరగదు, నీళ్లు తిరగవు, రెండు మైళ్లకే మళ్లీ వంట మొదలవుతుంది. ఇంకో బెల్టు కోదాడలో దొరకదు, దొరికినా మనిషి పోయి రావాలి. అప్పుడు వెంకటనారాయణ లేచి నిలబడ్డాడు. ముల్లు విషయంలో ఎలాంటివాడైనా, బెల్టు విషయంలో ఆయనను అనడానికి లేదు. మిల్లులో జానెడు వెడల్పు బెల్టులను ఆయనే కుట్టేవాడు. జానమ్మను అడిగి, గట్టు మీద ఉన్న ఎద్దుల పగ్గం తీసుకున్నాడు. నూలు తాడు, బాగా వాడి మెత్తబడింది. కావలసినంత కోసి, రెండు కొసల పురులు విప్పి, ముడి లేకుండా ఒకదానిలో ఒకటి అల్లి, నీళ్లలో తడిపి, ఫ్యాను మీదకు బిగించాడు. నాట్లు వేసేవాళ్లు పని ఆపి వచ్చి చూశారు. ఇంజను స్టార్ట్ చేస్తే ఫ్యాను తిరిగింది. సావుకారికి పని కూడా వచ్చునే అని జానమ్మ మెచ్చుకుంది. పగ్గానికి బదులు ఏమిచ్చినా తీసుకోలేదు. ఆండాళు వాయనం కోసం తెచ్చిన అరటిపళ్లలో సగం ఆమె కొంగులో పోసింది.

ఆ తర్వాత ఆండాళు ముందు తలుపు తీసింది. నీళ్ల డబ్బాలను, గరాటును, గోనెసంచిని ఒక్కొక్కటిగా వెనక సీట్లో పెట్టి, ఆ చోట తాను కూర్చుంది. ముల్లును అప్పుడు మొదటిసారి దగ్గరగా చూసింది. ఇంత చిన్నదా అనుకుంది.

సూర్యాపేట దాకా నెమ్మదిగా వచ్చారు. ఆమె అంకెలు చదువుతూ వచ్చింది. డెబ్బయి అన్నప్పుడు ఆయన మాట్లాడేవాడు, ఎనభై అయిదన్నప్పుడు మౌనంగా తోలేవాడు. తొంభై రెండు రాగానే ఆపమంది. ఆయన మారుమాట లేకుండా ఆపాడు. అలా రెండుసార్లు ఆగారు. రెండోసారి ఆగినప్పుడు ఆయన దిగి బానెట్ దగ్గరకు పోలేదు. ఆమె పక్కనే కూర్చుని, మిగిలిన అరటిపండు ఒకటి ఒలిచి సగం ఇచ్చాడు.

వాళ్లు చేరేసరికి అయిదు దాటింది. పేరంటాళ్లు చాపల మీద కూర్చుని ఉన్నారు. పసుపు రాసిన కాళ్లు ఆరిపోయాయి, శనగలు గిన్నెల్లోనే ఉన్నాయి. గిరిజ మాట తప్పలేదు. ఆండాళు బురద పట్టిన చీరతోనే పీట మీద కూర్చుని మొదటి వాయనం అందుకుంది. పక్కింటావిడ, ఈసారి మీరే వచ్చారే అని నవ్వితే, ఆండాళు కూడా నవ్వింది.

బయట నర్సింగరావు కారు చుట్టూ తిరిగి, బానెట్ ఎత్తి, ఎద్దుల పగ్గాన్ని చూసి, నోరు తెరిచాడు. అతను ఏదో అనేలోపే వెంకటనారాయణ అరుగు మీద కూర్చుని, మొత్తం తానే చెప్పాడు. నూటయిదు అంటే తక్కువే అనుకున్న సంగతి, తలపాగా లేచిన సంగతి, జానమ్మ ఏం వండుతున్నారని అడిగిన సంగతి, ఏదీ దాచలేదు. ఒకటి రెండు చోట్ల తన తెలివితక్కువతనాన్ని కొంచెం పెంచి కూడా చెప్పాడు. తండ్రి కుర్చీ సంగతి మాత్రం చెప్పలేదు. ఆటపట్టించడానికి ఏమీ మిగలక నర్సింగరావు దిగులుగా లోపలికి పోయి, బావకు కాఫీ పంపించాడు.

మర్నాడు దేవదాసు వచ్చి కొత్త బెల్టు వేశాడు. తీసిన పగ్గాన్ని చేతిలో తిప్పి చూసి, అల్లిక మంచిగుంది సేటూ అన్నాడు. ఆయన నోట మెప్పు రావడం అరుదు. తర్వాత అద్దం మీద తొంభై అయిదు దగ్గర ఎర్ర రంగుతో గీత గీసి, ఆ గీత సంగతి ఈసారి వెంకటనారాయణకు కాకుండా ఆండాళుకు చెప్పి వెళ్లాడు.

అప్పటి నుంచి ఆమె చోటు ముందు సీటే. మిర్యాలగూడ బజారులో మొదట నలుగురూ వింతగా చూశారు, తర్వాత అలవాటు పడ్డారు. ముందు కూర్చున్నాక ఆమెకు ఇంజను చప్పుడు ఇంకా బాగా వినిపించసాగింది. ఎక్కడ అది ఆయాసపడుతోందో, ఎక్కడ గేరు మార్చాలో ఒక వేసవి తిరిగేసరికి పట్టుబడింది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇగ మార్చున్రి అని మెల్లగా అనేది. వెంకటనారాయణ విననట్టు రోడ్డు వైపే చూస్తూ, మూడు లెక్కపెట్టేంత సేపు ఆగి, తనకే తోచినట్టు గేరు మార్చేవాడు. ఆమె కిటికీ వైపు తిరిగి నవ్వుకునేది.